సీడీల మేడమ్

పుష్పకుమారి వేళ్లకు కళ్లున్నాయని టైపు నేర్చుకునే పిల్లలు చెప్పుకునేవారు. పదకొండేళ్లపాటు అనకాపల్లి గవరపాలెంలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె లోయరూ హయ్యరూ పరీక్షలకి నేర్పింది. పొద్దున్న ఆరింటికే మొదలయ్యే ఆ టకటకల మధ్య ఏ మూల మిషను మీద ఎవరు తప్పు కొట్టారో కాగితం చూడకుండానే చెప్పేది. తన పనిలో తప్పు పడితే ఆమెకు ఆ పూట అన్నం సహించేది కాదు. కంప్యూటర్లొచ్చి టైపు మిషన్లన్నీ పాత ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లిపోయాక మూడు నెలలు పట్టుదలగా కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంది. 2005లో దూరవిద్య స్టడీ సెంటర్‌లో చేరింది.

ఆ సెంటరు రింగురోడ్డు పక్క సందులో, ఒక బెల్లం వ్యాపారి మేడ మీద రెండు గదులు. కింద బెల్లం దిమ్మలు, పైన బీఏ, బీకాం. కీబోర్డులోకి చీమలు దూరేవి. వాటిని దులిపి పని మొదలుపెట్టడం అలవాటైపోయింది. కోఆర్డినేటర్ త్రినాధరావు గారు కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనాయన. మంచివాడే గానీ, పైనుంచి ఒక ఉత్తరం వచ్చిందంటే చాలు, చెమటలు పట్టేవి.

2007 జూలైలో అలాంటి ఉత్తరమే ఒకటి వచ్చింది. ఈ ఏడాది పుస్తకాల అచ్చు ఆలస్యమవుతుందనీ, పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టామనీ, విద్యార్థులు దించుకుని చదువుకోవాలనీ దాని సారాంశం.

"దించుకోవాలంట! చీడికాడలో ఎవరు దించుకుంటారమ్మా?" అన్నాడు త్రినాధరావు గారు కాగితం బల్ల మీద పెట్టి.

మొదటి సంవత్సరం బీఏలో చేరినవాళ్లలో ఇరవై ఏడుగురు పల్లెలవాళ్లు. చీడికాడ, మాడుగుల, రావికమతం, ఏటికొప్పాక చుట్టుపక్కల ఊళ్లు. పొలం పని చేసేవాళ్లు, అంగన్‌వాడీ ఆయాలు, బొమ్మలు చేసేవాళ్లు. నెట్టు కావాలంటే చోడవరమో ఎలమంచిలో వెళ్లాలి. అక్కడ ఒక పాఠం దిగడానికి ముప్పావు గంట పట్టేది. ఆఖరి పేజీ దగ్గర కరెంటు పోతే మళ్లీ మొదటికి.

"నేను ఇక్కడ దించి సీడీల్లో ఎక్కించి ఇస్తాను సార్. కంప్యూటరుంటే చాలు, నెట్టుతో పని లేదు. ఊళ్లో స్కూల్లోనో ఎవరి దగ్గరో ఒకటి దొరక్కపోదు కదా," అంది పుష్పకుమారి.

"ఇరవై ఏడుగురికీ ఎవరు పట్టుకెళ్తారు?"

"నేనే పట్టుకెళ్తాను."

అన్నట్టే పట్టుకెళ్లింది. ఆమె భర్త స్టాన్లీ రైల్వే స్టేషన్‌లో పార్సెల్ ఆఫీసు గుమస్తా. ఆదివారం చర్చి అయిపోగానే టీవీఎస్ బండి తీసేవాడు. వెనక పుష్పకుమారి, ఆమె ఒళ్లో సీడీల సంచి. ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని, మట్టి రోడ్ల మీద గతుకులకి సంచి గుండెకి అదుముకుని కూర్చునేది. ఊరికి ఒకరూ ఇద్దరూ. ఇంటికెళ్లి చేతికిచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, "ఎలా ఉన్నాయండీ పాఠాలు?" అని అడిగేది. "బాగున్నాయి మేడమ్" అనేవారు. ఒకరు మజ్జిగిచ్చేవారు, ఒకరు పెరట్లో కాసిన బొప్పాయి చేతిలో పెట్టేవారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆ ఊళ్లలో పిల్లలు సైతం బండి చప్పుడు విని "సీడీల మేడమొచ్చింది" అని అరిచేవారు. డిసెంబర్లో ఒక పేపరు జిల్లా పేజీలో ఆమె ఫొటో వేసింది. త్రినాధరావు గారు దాన్ని కత్తిరించి సెంటరు తలుపుకి అంటించాడు. ఆమె పైకి మొహమాటపడినా, మెట్లెక్కిన ప్రతిసారీ చూపు అటే పోయేది.

సీడీలు చేయడంలో ఆమె ఏ అజాగ్రత్తా చూపలేదు. చూపలేదనే అనుకుంది. కంప్యూటర్ మెకానిక్ ఒకతను వచ్చి, పాఠాలన్నీ ఒకచోట సర్ది, ఆమె వెతుక్కోకుండా తెర మీద వరసగా బొమ్మలు పెట్టి వెళ్లాడు. ఆ బొమ్మ నొక్కితే పాఠం తెరుచుకునేది. ఆమె నెలనెలా ఆ బొమ్మల్ని పట్టి సీడీలోకి లాగి ఎక్కించేది. తను నేర్చుకున్న చోట సీడీ ఎక్కడానికి ఐదారు నిమిషాలు పట్టేది. ఇక్కడ నిమిషంలో బయటికి వచ్చేసేది. కొత్త మిషను కదా, ఎంత స్పీడో అనుకుంది. ఎక్కించిన ప్రతి సీడీనీ మళ్లీ అదే కంప్యూటర్లో పెట్టి, తెరిచి చూసి, పాఠం కనపడ్డాకే పేరు రాసి కవర్లో పెట్టేది. ఇరవై ఏడూ. ఒక్క నెల కూడా మానలేదు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఏడో సీడీ పట్టుకుని చీడికాడ వెళ్లారు. ఆ ఊరి అవతల ఉండే అప్పలనర్సమ్మకి నలభై దాటాయి. చెరుకు రైతు భార్య. పెళ్లికి ముందు ఇంటర్ దాకా చదివి ఆపేసింది, ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ పుస్తకం పట్టింది. గానుగ దగ్గర బెల్లం వండుతుంటే అక్కణ్నుంచే పరుగున వచ్చింది. ఒళ్లంతా పొగ వాసన. సీడీ అందుకుని, సంతకం పెట్టబోయి ఆగింది.

"మేడమ్, ఓ మాట. మీరేటీ అనుకోకండి. హైస్కూల్లో హెడ్మాస్టరు గారు ఆదోరం పూట కంప్యూటర్ వాడుకోమన్నారు. తాళం నా కాడుంది. ఓపాలి మీరొచ్చి పెట్టి సూపిత్తే నేర్సుకుంటాను. నాకు తెరవడం సరిగ్గా రాట్నేదు."

"దానికేం, పదండి. రెండు నిమిషాల పని," అంది పుష్పకుమారి.

స్కూల్లో కంప్యూటర్ గది చల్లగా ఉంది. అప్పలనర్సమ్మ గుమ్మం బయటే చెప్పులు విప్పి, చేతులు కొంగుకి తుడుచుకుని, వెనక నిలబడింది. స్టాన్లీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. పుష్పకుమారి సీడీ పెట్టింది. తెర మీద పాఠాల పేర్లన్నీ చక్కగా కనిపించాయి. మొదటి పాఠం మీద నొక్కింది.

తెర మధ్యలో చిన్న గడి వచ్చింది. ఫైలు దొరకడం లేదని.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. రెండోది నొక్కింది, మూడోది నొక్కింది. సీడీ తీసి చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. అదే గడి.

"పాత సీడీలున్నాయా అప్పలనర్సమ్మ గారూ?"

ఉన్నాయి. ఆరింటినీ పాత పలక సంచిలో వేసుకుని ముందే తెచ్చుకుంది. పుష్పకుమారి ఒకదాని తరవాత ఒకటి పెట్టింది. ఆగస్టుది తెరుచుకోలేదు. సెప్టెంబరుది తెరుచుకోలేదు. డిసెంబరుది చేతిలోంచి జారి బల్ల మీద పడి గుండ్రంగా తిరిగింది. అప్పుడు చూసిందామె. ప్రతి పాఠం బొమ్మకీ ఎడమ పక్క అడుగున ఒక చిన్న బాణం గుర్తు. సెంటర్లో కంప్యూటర్ తెర మీదా అదే బాణం. ఆరు నెలలుగా చూస్తూనే ఉంది. అదేమిటని ఒక్కనాడూ అనుకోలేదు.



వెనకనుంచి అప్పలనర్సమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతులో కోపం లేదు, ఎక్కడలేని సంబరం ఉంది.

"సూసేరా మేడమ్! మీకూ అదే వత్తంది! నానే తప్పు నొక్కుతన్నాననుకున్నాను. ఆరు నెల్లబట్టీ ఆదోరం ఆదోరం వచ్చి నొక్కుతన్నాను. నాకీ వయసులో బుర్ర ఎక్కడ పన్జేత్తాదిలే అనుకున్నాను."

ఆదివారం ఆదివారం. ఆరు నెలలు. పుష్పకుమారి వెనక్కి తిరగలేకపోయింది. "మరి ఎప్పుడడిగినా బాగున్నాయన్నారు కదండీ?" అని మాత్రం అనగలిగింది.

"మరేటి సెప్పమంటారు? మీరంత దూరంనుంచి ఎండనపడి వచ్చి ఇత్తంటే, నాకు తెరవడం రాదని ఎలా సెప్పీది?"

నిజం ఆ క్షణంలోనే చెప్పి ఉండాల్సింది.  "కంప్యూటర్లో ఏదో తేడా ఉంది, కనుక్కుని చెప్తాను" అని గొణిగి బయటికొచ్చేసింది.  చోడవరం దాటాక స్టాన్లీ బండి ఆపి, "పుష్పా, నీళ్లు తాగుతావా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. సంచి గుండెకి అదుముకునే ఉంది. ఆ సంచి ఇప్పుడు ఎందుకు అదుముకున్నట్టో ఆమెకే తెలియలేదు.

సెంటరు సందులోనే సింహాచలం అనే అతని ఫొటో స్టూడియో ఉంది. ఆదివారమైనా తెరిచే ఉంటుంది. సీడీ అతని చేతికిచ్చింది. అతను పెట్టి చూసి, ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

"ఇందులో ఏటీ నేదు మేడమ్. అన్నీ షార్ట్‌కట్లే."

"అంటే?"

"అంటే ఇది పాఠం కాదండి. పాఠం ఫలానా కంప్యూటర్లో ఫలానా కాడుందని సెప్పే చీటీ. మీ కంప్యూటర్లో పెడితే ఆ చీటీ పట్టుకెళ్లి అసలు పాఠం తెచ్చి సూపిత్తాది. బయట ఏ కంప్యూటర్లో పెట్టినా ఆ చోటుండదు కదా, తెరుచుకోదు." అతను ఆమె మొహం చూసి ఆగాడు. "ఎన్ని తీసేరేటి ఇలాగ?"

ఆరు నెలలు, ఇరవై ఏడుగురు. అంటే ఇల్లిల్లూ తిరిగి తను పంచింది చీటీలు. తను పరీక్ష చేసిన ప్రతిసారీ ఆ చీటీ తన కంప్యూటర్లోకే వెళ్లి పాఠం తెచ్చి చూపించింది. ప్రతిసారీ తను తృప్తిగా తల ఊపి పేరు రాసింది. పదకొండేళ్లు పక్కవాళ్ల తప్పులు చెవితో పట్టిన మనిషి, ఆ స్టూడియో స్టూలు మీద కూర్చుని సీడీని అటూ ఇటూ తిప్పి చూసింది. సింహాచలం పెళ్లి ఫొటోలు కత్తిరించుకుంటూ మధ్యమధ్య ఆమె వైపు చూశాడు.

మర్నాడు త్రినాధరావు గారికి చెప్పింది. ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు, అర్థమయ్యాక లేచి వెళ్లి గది తలుపు మూసి వచ్చాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. సరైన సీడీలు చేసెయ్. 'రివైజ్డ్' అని రాసి ఇచ్చేద్దాం. పాతవి వెనక్కి తీసుకో. పైవాళ్లకి తెలిస్తే సెంటరే ఎత్తేస్తారమ్మా. మేలో పరీక్షలు. ఇంకా మూడు నెలలుంది, చదువుకుంటారు."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడం తరవాత ఎన్నో ఏళ్లు ఆమెను పొడిచింది గానీ, ఆ రోజుకి మాత్రం ఊరటగానే అనిపించింది. అసలు పాఠాల్నే ఎక్కించింది. ఒక్కో సీడీకి ఆరు నిమిషాలు పట్టింది. ఒక్కోదాన్నీ మెట్లు దిగి సింహాచలం కంప్యూటర్లో తెరిచి చూసుకుంది.

ఆ వారమంతా సెలవు పెట్టి బస్సుల్లో తిరిగింది. పదకొండుమందికి ఇచ్చింది. "రివైజ్డ్ అండీ, పాతవి ఇచ్చెయ్యండి" అంది. ఇచ్చేశారు. ఎవరూ ఏమీ అడగలేదు. కొందరు పాత సీడీలు ఇస్తూ తల దించుకున్నారు. ఒకాయన, "ఇవి కూడా తెరవడం నాకు రాదేమో గానీ ఇవ్వండి మేడమ్" అన్నాడు. ఆమె విననట్టు సంతకం చూపించింది. అప్పలనర్సమ్మ ఇంటికి మాత్రం వెళ్లలేదు. ఆవిడ మొహం చూసి 'రివైజ్డ్' అనే మాట అనడం తన వల్ల కాదని తెలుసు.

పన్నెండోది ఏటికొప్పాక. హైవే మీద బస్సు దిగి నడిచింది. గంగాభవాని ఇల్లు బొమ్మల పని వీధిలో. లక్క బొమ్మలు చేసే ఇల్లు. మొగుడు అంకుడు కర్ర చెక్కితే, తను లక్క పట్టించి మొగలాకుతో మెరుగు పెట్టేది. ముప్పై అయిదేళ్ల మనిషి, మాట చురుకు. మొదటి అసైన్‌మెంటు ఎవరిదో పాత పుస్తకం చూసి రాసినా, అందరికంటే బాగా రాసింది.

ఆ రోజు అరుగు మీద కూర్చుని పిల్లల గిలకలకి రంగు చూసుకుంటోంది. కొత్త సీడీ చూసి చెయ్యి చాచలేదు.

"నాకొద్దండి. నాను మానీసేను. ఇంకొకరికివ్వండి, ఉపయోగపడతాది."

పుష్పకుమారి నిర్ఘాంతపోయింది. "ఎప్పుడు మానేశారు? మొన్న జనవరిలో కూడా సీడీ తీసుకుని సంతకం పెట్టారు కదా?"

"దసరా వెళ్లినకాణ్నుంచి మానీసేను. మీరు ఇంటికొచ్చి ఇత్తంటే వొద్దనడం ఏం బాగుంటాది? అందుకని తీసుకున్నాను." ఆమె గిలకని పక్కన పెట్టింది. "మీకు సెప్పడానికేటి, ఎలమంచిలి నెట్టు సెంటర్‌కి నాలుగుసార్లెళ్లేను. మూడుసార్లు నానే నొక్కేను, రాలేదు. నాలుగోసారి ఆ కుర్రోడిని పిలిసేను. ఆడూ నొక్కి, 'మీకివన్నీ ఎందుకండి, బొమ్మలు సేసుకోక' అని నవ్వేడు. పక్కనున్నోలూ నవ్వేరు. ఇంటికొచ్చీసేను. ఆ రోజుతో సరి."

"గంగాభవాని గారూ..."

"ఉండండి, సెప్పనివ్వండి. నాది పోతే పోయింది. మా ఇందు ఉంది కదా, పెద్దది. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ బ్రాంచి వచ్చింది దానికి. హాస్టల్లో ఉండీది. దీపావళికొచ్చి ఏడిసింది. 'అమ్మా, లేబులో అందరికీ వత్తంది, నాకే రాట్నేదు' అని. ఆళ్ల నాన్న 'మెల్లగా వత్తాదిలే, వెళ్లు' అన్నాడు. నానే ఒప్పలేదు. నాకు రాలేదు కదా, దానికెక్కణ్నుంచి వత్తాది? మన ఒంట్లోనే నేదే ఆ ఇద్దె, ఆళ్ల సేతా వీళ్ల సేతా నవ్వించుకోడం ఎందుకు, వచ్చీయే అన్నాను. ఎల్లి దాని పెట్టె తెచ్చీసేను. ఇప్పుడు మిషను కాడే ఉంది."

లోపల్నుంచి కర్ర చెక్కే మిషను రొద వినిపిస్తోంది. అంతవరకూ అది మగమనిషి పని చేస్తున్న చప్పుడనే అనుకుంది పుష్పకుమారి. తలుపు సందులోంచి చూస్తే పదహారేళ్ల పిల్ల, జడ ముడి చుట్టుకుని, తిరుగుతున్న కర్రకి ఎర్ర లక్క అదిమి పట్టుకుని ఉంది.

 చీటీ లాంటి ఒక బొమ్మ, గోరంత బాణం గుర్తు. అది ఇంత దూరం వచ్చి, ఈ ఇంట్లో దూరి, ఆ పిల్లని చదువులోంచి లాక్కొచ్చి ఈ మిషను ముందు కూర్చోబెట్టిందా? కళ్లారా చూస్తున్నా నమ్మకం కలగడం లేదు. సంచిలో 'రివైజ్డ్' అని తన చేత్తో తనే రాసిన అక్షరాలున్నాయి. ఇంక ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"గంగాభవాని గారూ, తప్పు మీది కాదు. ఆ సీడీల్లో అసలేమీ లేదు. నేనే తప్పుగా ఎక్కించాను. ఆరు నెలలూ ఇరవై ఏడుగురికీ ఖాళీవే ఇచ్చాను. ఎవ్వరికీ తెరుచుకోలేదు. నాక్కూడా తెరుచుకోలేదు."

గంగాభవాని ముందుకి వంగింది. 

"నాకు రాకపోడం కాదా అయితే?"

"కాదు."

"మరి ఆ కుర్రోడు నవ్వేడు?"

"అతనికీ తెలియలేదు."

గంగాభవాని లేచి లోపలికి వెళ్లింది. దేవుడి పటాల వెనకనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆరు సీడీలు. మొదటిదాని కవరు మీద పసుపూ కుంకుమా బొట్లు. కొత్త పుస్తకానికి పెట్టినట్టు పెట్టుకుంది. "ఇందూ! ఓపాలి ఇలా రా" అని కేకేసింది. మిషను ఆగింది. పిల్ల వేళ్లనిండా ఎర్ర రంగుతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాకు రాకపోడం కాదంటే! అయి ఖాళీయంట!" అంది తల్లి. 

పిల్ల సీడీల వంకా, పుష్పకుమారి వంకా చూసింది. "ఇప్పుడు సెప్తే ఏటి లాభం? అటెండెన్సు పోయింది. ఈ ఏడు పరీక్షలు రాయనివ్వరు," అంది. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ మిషను రొద మొదలైంది.

అప్పుడు గంగాభవానికి కోపం వచ్చింది. అరవలేదు. చిన్న గొంతుతోనే అంది.

"నెలనెలా వచ్చి 'బాగున్నాయా, బాగున్నాయా' అని అడిగేరు. మేం బాగున్నాయన్నాం. ఓపాలి, ఒక్కపాలి, 'ఏదీ తెరిసి సూపించండి' అని అడిగుంటే మీ సొమ్మేటి పోను మేడమ్?"

 పుష్పకుమారి కొత్త సీడీ అరుగు మీద పెట్టి, చేతులు జోడించి, వచ్చేసింది. హైవే దాకా ఎలా నడిచిందో, ఏ బస్సెక్కిందో ఆమెకు గుర్తు లేదు. కశింకోట దాటాక కండక్టరు "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే అప్పుడు తెలిసింది, తను ఏడుస్తోందని.

మర్నాడు త్రినాధరావు గారి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం పెట్టి, పైవాళ్లకి పంపమంది. ఆయన కేకలేశాడు. బతిమాలాడు. నీ ఉద్యోగం పోతుందన్నాడు. "పోనివ్వండి సార్. వాళ్లందరూ తమకి బుర్ర లేదనుకుంటున్నారు," అంది. కాగితం పంపాడో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు. తలుపు మీద పేపరు ముక్కని తనే గోటితో గీకి తీసేసింది.

తరవాతి మూడు ఆదివారాలు చర్చి మాని, స్టాన్లీ బండి మీద కొత్త సీడీలతో మిగతా ఇరవై ఆరు ఇళ్లకీ వెళ్లింది. 'రివైజ్డ్' అని తను అబద్ధం చెప్పిన పదకొండుమంది ఇళ్లకి ముందు వెళ్లింది. ప్రతి గుమ్మంలో అదే మాట: "తప్పు నాది, మీది కాదు." ఎదురుగా కనిపించిన మొహాలు ఆమెను మళ్లీ మళ్లీ దిగ్భ్రమలో ముంచాయి. ఇరవై ఏడుగురిలో ఎనిమిదిమంది అసలు ఏ కంప్యూటర్లోనూ పెట్టి చూడనేలేదు, పెట్టే చోటు దొరకలేదు. మిగతా పంతొమ్మిదిమందీ పెట్టి చూశారు. పంతొమ్మిదిమందికీ తెరుచుకోలేదు. పంతొమ్మిదిమందీ తమకే చేతకాలేదనుకున్నారు. సీడీలో తప్పుందేమో అని ఒక్కరంటే ఒక్కరికి తోచలేదు. ఒకాయన పడీపడీ నవ్వాడు. రావికమతం దగ్గర ఒక అంగన్‌వాడీ ఆయా మాత్రం ఆమె మొహం మీదే తలుపు వేసేసింది.

అప్పలనర్సమ్మ మొత్తం విని, "సీడీ ఖాళీదైతే ఏటైంది, ఆరు నెల్లబట్టీ నొక్కి నొక్కి నాకు మౌసు పట్టుకోడం వచ్చీసింది కదా" అంది. ఆ మంచితనం పుష్పకుమారికి తిట్టు కంటే గట్టిగా తగిలింది.

అక్కణ్నుంచి మే దాకా ఆదివారాలు ఆ హైస్కూలు గదిలోనే గడిచాయి. చీడికాడా మాడుగులా వైపు వాళ్లు తొమ్మిదిమంది వచ్చేవారు. పుష్పకుమారి మౌసు ముట్టుకునేది కాదు. పక్కన కూర్చుని, "మీరే తెరవండి, నేను చూస్తాను" అనేది. మొదటిసారి పాఠం తెర మీద విచ్చుకున్నప్పుడు అప్పలనర్సమ్మ "ఓలమ్మో!" అని కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఎలమంచిలి వైపు వాళ్లకి నెట్టు సెంటర్‌లో కూర్చుని నేర్పింది. గంగాభవాని అక్కడికి రాలేదు.

పాలిటెక్నిక్‌కి కూడా వెళ్లింది. ప్రిన్సిపాలు ఆమె చెప్పింది వింటూ కళ్లజోడు తీసి, "సీడీ తెరుచుకోకపోతే పిల్లని మాన్పించేశారా?" అని మూడుసార్లు అడిగాడు. ఆయనకీ నమ్మబుద్ధి కాలేదు. ఈ ఏడాదికి చేయగలిగిందేమీ లేదన్నాడు. జూన్‌లో జూనియర్లతో మొదటి సంవత్సరంలో మళ్లీ చేర్చుకుంటానని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని పుష్పకుమారి రిజిస్టర్డ్ పోస్టులో ఏటికొప్పాక పంపింది. తను పట్టుకెళ్లే ధైర్యం చాలలేదు.

ఇరవై ఏడుగురిలో పదిహేడుగురు పరీక్షలు రాశారు. పదిమంది రాయలేదు, వాళ్లలో ఏడుగురు మళ్లీ సెంటరు మెట్లెక్కలేదు. అప్పలనర్సమ్మ ఒక పేపరు తప్పి తక్కినవి పాసైంది. మేలో పరీక్ష హాల్లో హాల్‌టికెట్లు చూస్తూ పోతుంటే పుష్పకుమారికి మూడో వరసలో గంగాభవాని కనిపించింది.  గంగాభవాని హాల్‌టికెట్టు చూపించి, మళ్లీ మడిచి పెట్టుకుంది. తల ఎత్తలేదు.

మార్కుల కాగితాలు వచ్చేసరికి ఆగస్టు వెళ్లిపోయింది. తీసుకోడానికి గంగాభవాని వచ్చింది, ఒక్కత్తే. కింద బెల్లం బస్తాలు దించుతుంటే పక్కకి ఒదిగి మెట్లెక్కింది. పుష్పకుమారి కాగితం తీసి ఇచ్చింది. నాలుగు పేపర్లూ పాస్. గంగాభవాని తన పేరూ, నంబరూ, ఒక్కో మార్కూ వేలు పెట్టి చదువుకుంది. తరవాత కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టి, రెండువైపులా తిప్పి చూసింది.

"ఇది అసలుదేనా మేడమ్?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. అది నిజమైన ప్రశ్న కావడమే పుష్పకుమారిని నిలువునా కదిలించింది.

"అసలుదే," అంది.

గంగాభవాని కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండానే, "ఇందు జూన్లోనే ఎల్లిపోయింది హాస్టల్‌కి. జూనియర్లంతా అక్కా అక్కా అంటన్నారంట, దానికి సిరాగ్గా ఉంది," అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ ఏడాది సెంటర్‌లో కొత్తగా చేరినవాళ్లు నలభై ఒక్కరు. పుష్పకుమారి ఇంకా మూడేళ్లు అక్కడే పనిచేసింది.